కత్తిపీట దగ్గర మొదలుపెట్టండి

ప్రశ్న: మేడమ్ గారూ, మా బాబు తొమ్మిదో తరగతి, ఇంగ్లీషు మీడియం. నేను పది వరకు తెలుగు మీడియంలో చదివాను, ఆ తర్వాత చదువు సాగలేదు. ఇప్పుడు వాడికి మొక్క కణం పాఠం జరుగుతోంది. పొద్దున్నే లేచి "కిచెన్ ఆఫ్ ది సెల్, పవర్ హౌస్ ఆఫ్ ది సెల్" అని గట్టిగా బట్టీ పడతాడు, సాయంత్రానికి ఏది ఏదో తారుమారు చేస్తాడు. స్లిప్ టెస్టులో 25కి 11 వచ్చాయి. మొన్న నన్ను "హరితరేణువులు ఉన్నాయి కదమ్మా, మొక్కకి మళ్లీ మైటోకాండ్రియా ఎందుకు?" అని అడిగాడు. నాకు తెలియలేదు. స్కూల్లో అడిగితే సిలబస్‌లో ఉన్నంతవరకు చదువుకోమన్నారట. పైగా వచ్చే సోమవారానికి మొక్క కణం మోడల్ చేసి తీసుకెళ్లాలి. షాపులో రెడీగా ఉన్నది ఎనిమిది వందలు చెప్తున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ట్యూషన్ పెట్టించమంటారా? – ఒక తల్లి, తెనాలి దగ్గర పల్లె నుంచి

జవాబు:

అమ్మా,

ముందు ట్యూషన్ సంగతి. వద్దు. "అది ఉండగా ఇదెందుకు" అని పిల్లవాడు అడిగాడంటే పాఠం వాడి బుర్రలోకి వెళ్తోందనే లెక్క. నేను 28 ఏళ్లు ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పాను. బైపీసీలో రెండేళ్లు చదివి వెళ్లిన పిల్లల్లో కూడా ఈ ప్రశ్న అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. దానికి జవాబు చెప్తాను, కాస్త ఆగండి. దానికన్నా ముందు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి.

వాడు హాల్లో కూర్చుని "కిచెన్ ఆఫ్ ది సెల్" అని వల్లె వేస్తున్నప్పుడు మీరు అసలు కిచెన్‌లో కూర్చుని లక్షల కణాలను కోస్తున్నారు. పాఠం మీ దగ్గర ఉంది, పుస్తకం వాడి దగ్గర ఉంది. వాణ్ణి లేపి కత్తిపీట దగ్గరికి పిలవండి.

ఒక్క మాట మనసులో పెట్టుకుంటే మిగతాదంతా సులువు. మొక్క కణం గదులున్న ఇల్లు. ఒక గదిలో సరుకు ఇంకో గదిలో సరుకుకు తగలకుండా కణం బతికినన్నాళ్లూ కాపలా కాస్తుంది. కత్తి దిగినా, ఉప్పు పడినా, సెగ తగిలినా ఆ అడ్డుగోడలు పోతాయి. అప్పుడు జరిగేవాటికి మనం ఘాటు, ఊట, నల్లబడడం, రంగు మారడం అని రకరకాల పేర్లు పెట్టుకున్నాం.

ఉల్లిపాయతో మొదలుపెడదాం. నాలుగు చెక్కలు చేసి, దళసరిగా ఉన్న పొర ఒకటి విడదీయండి. దాన్ని వెనక్కి పుటుక్కున విరిస్తే లోపలివైపు, అంటే గుంటగా ఉన్న వైపు, పల్చటి తోలు ఒకటి తెగకుండా వేలాడుతుంది. గోరుతో మెల్లగా లాగితే గాజుకాగితంలా ఊడి వస్తుంది. అది ఒక్క కణం మందం. దాన్ని నీటిచుక్కలో పరిచి, స్కూల్లో అయితే సాఫ్రానిన్ అనే ఎర్రరంగు, ఇంట్లో అయితే నీళ్లు కలిపిన టింక్చర్ అయోడిన్ ఒక చుక్క వేసి, మైక్రోస్కోప్ కింద పెడితే ఇటుకలు పేర్చిన గోడలా కనిపిస్తుంది. ఒక్కో ఇటుక పొడవు సుమారు పావు మిల్లీమీటరు. ఒక్కో ఇటుకలో ఒక ముదురు చుక్క, గోడకు ఆనుకుని. అదే కేంద్రకం. 1831లో రాబర్ట్ బ్రౌన్ అనే ఆయన ఆర్కిడ్ మొక్కల కణాల్లో దీన్ని చూసి పేరు పెట్టాడు.

ఇక్కడ పిల్లలకు నేను రెండు ప్రశ్నలు వేసేదాన్ని. కేంద్రకం నట్టనడుమ లేకుండా గోడ పక్కకి ఎందుకు పోయింది? పచ్చచుక్కలు ఎక్కడ? రెండోదానికి సగం క్లాసు బోల్తా పడేది. మొక్క కణం అంటే హరితరేణువులు ఉండి తీరాలని నమ్మి, ఉల్లిపొర బొమ్మలో కూడా పచ్చ పెన్సిల్‌తో చుక్కలు పెట్టేవాళ్లు. ఎండ తగలని ఉల్లిరేకులో అవి ఉండవు. మీవాడికి ఈ ఒక్క సంగతి చెప్పండి, వచ్చే టెస్టులో ఒక మార్కు మిగులుతుంది. మొదటిదానికి జవాబు రిక్తిక. వాడి పుస్తకంలో వాక్యూల్ అని ఉంటుంది. ఎదిగిన మొక్క కణంలో ఎనభై, తొంభై శాతం చోటు ఈ నీళ్లసంచిదే. మిగతా సామానంతా దాని చుట్టూ గోడకు నొక్కుకుని ఉండాల్సిందే, కేంద్రకమైనా సరే.

ఇప్పుడు ఆ ఉల్లిపాయనే తరగండి. కళ్లు మండుతాయి. కోయకముందు ఉల్లిపాయను ముక్కు దగ్గర పెట్టుకున్నా మండవు కదా, మరి కోస్తేనే ఎందుకు? ఘాటుకు కావాల్సిన గంధకపు పదార్థం కణద్రవ్యంలో, అంటే రిక్తిక చుట్టూ ఉండే జిగురు ద్రవంలో, ఉంటుంది, దాన్ని విడగొట్టే ఎంజైమ్ రిక్తికలో ఉంటుంది. మధ్యలో ఉన్నది ఒక్క పల్చటి పొర. కత్తి ఆ పొరను చీలిస్తే రెండూ కలుస్తాయి, క్షణాల్లో కన్నీళ్లు తెప్పించే ఆవిరి పుడుతుంది. అంటే ఆ ఘాటు ఉల్లిపాయలో ముందునుంచీ దాచి ఉంచినది కాదు, మీ కళ్ల ముందు తయారైంది. మొద్దుకత్తి ఎక్కువ కణాలను చిదుముతుంది కాబట్టి ఎక్కువ ఏడిపిస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టిన ఉల్లి తక్కువ ఏడిపిస్తుంది, చలికి ఎంజైమ్ మందగిస్తుంది గనక. వెల్లుల్లి కథ కూడా ఇదే.

ఆవాలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. వాటిలో సరుకు ఒక రకం కణాల్లో, ఎంజైమ్ వేరే కణాల్లో. అందుకే ఆవాలను నీళ్లు చిలకరించి నూరితే ముక్కుకు ఎక్కే ఘాటు వస్తుంది, పోపులో చిటపటలాడించినవాటికి ఆ ఘాటు రాదు. నూనె సెగకు ఎంజైమ్ చచ్చిపోయింది. పనసపొట్టు కూరకు దించాక ఆవ పెట్టమని మీ అమ్మగారు చెప్పి ఉంటారు, దానికి కారణం ఇదే.

వంకాయ సంగతి మీకు తెలిసిందే. కోసిన ముక్క నల్లబడుతుంది, అందుకే ఉప్పునీళ్లలో వేస్తాం. వగరునిచ్చే ఫినాల్ పదార్థాలు రిక్తికలో, వాటిని నల్లబరిచే ఎంజైమ్ ప్లాస్టిడ్లలో, అంటే హరితరేణువుల కుటుంబానికి చెందిన చిన్న సంచుల్లో. కోస్తే రెండూ కలుస్తాయి, గాలిలో ఆక్సిజన్ తోడవుతుంది. నీళ్లలో వేసేది ఆ గాలి తగలకుండా.

ఇక కంద. దాని గడ్డలో కొన్ని ప్రత్యేక కణాల రిక్తికల్లో కాల్షియం ఆక్జలేట్ సూదులు కట్టలు కట్టి పేర్చి ఉంటాయి. మైక్రోస్కోప్‌లో చూస్తే అగ్గిపెట్టెలో పుల్లల్లా ఉంటాయి. కోసినప్పుడు అవి బయటపడి చేతికి గుచ్చుకుంటాయి. చేమ కూడా అంతే. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు" అని ఎవరినో దెప్పడానికి అంటాం గానీ, బోటనీ ప్రకారం ఆ సామెత అక్షరాలా నిజం. సూదులు వాటి గదిలో ఉన్నంతసేపు కందకు దురద లేదు. కత్తిపీట వచ్చాకే మొదలు.

గోడ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పుస్తకాల్లో దానికి దక్కేది "ఆకారాన్ని, రక్షణను ఇస్తుంది" అనే ఒక్క వాక్యం. కణకవచం ప్రధానంగా సెల్యులోజ్ దారాల అల్లిక. 1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కలో చూసి "సెల్" అని పేరు పెట్టింది నిజానికి కణాన్ని కాదు, కణం చచ్చిపోయాక మిగిలిన ఈ గోడలను. లోపల ఎవరూ లేని గదులు. మీ ఇంటి గుమ్మం చెక్క అదే, మీరు కట్టుకున్న నూలుచీర అదే. పత్తిగింజ తోలు మీద ఉన్న ఒక్క కణం పైకి సాగి సాగి రెండున్నర, మూడు సెంటీమీటర్ల పోగు అవుతుంది. ఒక పోగు, ఒక కణం. ఉల్లిపొర ఇటుక పావు మిల్లీమీటరు అన్నాను కదా, ఇది దానికి వంద రెట్లు. మొదట సుమారు మూడు వారాలు రిక్తికలో నీటి ఒత్తిడితో సాగుతుంది, తర్వాత లోపలివైపు సెల్యులోజ్ వరస మీద వరస పూసుకుంటుంది, కాయ పగిలేసరికి చచ్చి ఎండిపోతుంది. పత్తి ఏరుతున్నామంటే చచ్చిపోయిన కణాల గోడలు ఏరుతున్నామన్నమాట. జామపండు తింటుంటే పళ్లకింద ఇసుకలా తగిలేవి కూడా కణాలే. వాటి గోడలు లిగ్నిన్ అనే గట్టి పదార్థం పట్టి రాయిలా అయిపోతాయి కాబట్టి వాటికి రాతికణాలని పేరు.

పక్కపక్క కణాల గోడల మధ్య సున్నంలా అతికించేది పెక్టిన్. మీ వంటలో సగం దీనితోనే. కందిపప్పు ఉడికి మెదిగిందంటే కణాలు పగలడం కన్నా ఒకదాన్నుంచి ఒకటి విడిపోవడమే ఎక్కువ, మధ్యలో పెక్టిన్ కరిగింది కాబట్టి. పప్పు ఉడక్కముందే చింతపండు వేస్తే ఇక ఎంతసేపైనా ఉడకదని మనకు ఎవరో చెప్పారు, వాళ్లకు వాళ్ల అత్తగారు చెప్పారు. కారణం, పులుపులో పెక్టిన్ అంత తేలిగ్గా కరగదు. బోరు నీళ్లలో పప్పు మొండికేయడం కూడా ఇలాంటిదే. ఆ నీళ్లలో ఉన్న కాల్షియం పెక్టిన్‌ను ఇంకా గట్టిగా బిగిస్తుంది. చిటికెడు సోడా వేస్తే లొంగుతుంది. మామిడికాయ పండై మెత్తబడేటప్పుడు ఈ పనినే పండు తన ఎంజైములతో తనే చేసుకుంటుంది, పొయ్యి లేకుండా.

గోడ లోపల ప్లాస్మా పొర. గోడకూ పొరకూ తేడా పిల్లలకు ఎంత చెప్పినా ఎక్కదు. మాగాయ పెట్టేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుంటే ఎక్కుతుంది. గోడ జల్లెడలాంటిది, నీళ్లూ ఉప్పూ రెండూ దాటుతాయి. పొర అలా కాదు. నీళ్లను వెళ్లనిస్తుంది, ఉప్పును చాలావరకు ఆపుతుంది. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెట్టి మూత వేశారా, బయట ఉప్పు చిక్కగా ఉంది కనుక రిక్తికలో నీళ్లు పొర దాటి బయటికి వచ్చేస్తాయి. మూడోరోజు మూత తీస్తే ముక్కలు ముడుచుకుని ఊటలో తేలుతుంటాయి. మీవాడి పుస్తకంలో ప్లాస్మాలిసిస్ అని ఉన్నది మొదట జరిగేది ఇదే. పొర గోడను వదిలి లోపలికి ముడుచుకుపోవడం. ఆ తర్వాత అంత ఉప్పుకు పొర చచ్చిపోతుంది. ముక్కలు పిండి, ఎండబెట్టి, మళ్లీ ఊటలో వేస్తే ఉబ్బుతాయి గానీ పచ్చికాయలా కరకరలాడవు, గమనించారా? ఉబ్బింది గోడ మాత్రమే, గుడ్డ నీళ్లు పీల్చినట్టు. లోపలి నుంచి నీటితో బిగించి నిలబెట్టే పొర ఇప్పుడు లేదు.

ఆ బిగువు తక్కువదేమీ కాదు. మామూలు ఆకు కణంలో నీటి ఒత్తిడి 5 నుంచి 10 అట్మాస్ఫియర్ల దాకా ఉంటుంది. కారు టైరులో గాలి ఒత్తిడి 2 అట్మాస్ఫియర్లకు కాస్త అటూఇటూ. గోడ లేకపోతే కణం బుడగలా పగిలేది. వాడిపోయిన కొత్తిమీర కట్టను కాడలు మునిగేలా నీళ్లలో పెడితే గంటలో తల ఎత్తేది ఈ ఒత్తిడి మళ్లీ వచ్చినందుకే. అత్తిపత్తి ఆకు ముట్టుకోగానే ముడుచుకునేది కూడా ఆకు మొదట్లో ఒకవైపు కణాలు గభాలున నీళ్లు వదిలేసినందుకే.

పొర బతికుందో చచ్చిందో తెలుసుకోవడానికి మీవాడితో ఈ చిన్న పరీక్ష చేయించండి. బీట్‌రూట్ ముక్కలు రెండు బాగా కడగండి, కోసినచోట కారే రంగు పోయేదాకా. ఒకటి చన్నీళ్ల గ్లాసులో, ఇంకొకటి మరిగిన నీళ్లలో వేయండి. చన్నీళ్లు దాదాపు తేటగానే ఉంటాయి. వేడినీళ్లు రెండు నిమిషాల్లో ఎర్రబడతాయి. రంగు రిక్తికలో ఉంది, సెగకు పొరలు పోయాయి, రంగు బయటపడింది. వేడిగ్లాసు మీరే పట్టుకోండి.

హరితరేణువుల దగ్గరికి వద్దాం. ఒక్కోటి సుమారు 5 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరు పొడవులో 200 పక్కపక్కనే పట్టేంత. చేపల తొట్టెలో వేసే హైడ్రిల్లా ఆకును కాసేపు వెలుతురులో ఉంచి మైక్రోస్కోప్ కింద పెడితే, రెండే వరసల కణాల మందం కాబట్టి కోయక్కర్లేదు, పచ్చటి గింజలు గోడ వెంబడి ఒకదాని వెనక ఒకటి గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నట్టు తిరుగుతుంటాయి. కణద్రవ్యం తిరుగుతూ వాటిని మోసుకుపోతోంది. నా సర్వీసులో పిల్లలు మైక్రోస్కోప్ దగ్గర ఒకర్నొకరు తోసుకున్నది ఈ ఒక్క ప్రాక్టికల్‌కే. బొమ్మలో కదలకుండా ఉన్నది నిజంగా కదులుతుందని అప్పటిదాకా ఎవరికీ తోచదు. స్కూల్లో ఒక్కసారి చూపించమని మీవాణ్ణే అడగమనండి, మర్యాదగా.

ఈ ప్లాస్టిడ్లు వేషాలు మారుస్తాయి. పచ్చిమిర్చి పండుమిర్చి అయినప్పుడు, టమాటా కాయ ఎర్రబడినప్పుడు, కొత్తగా ఎవరో వచ్చి రంగు వేయలేదు. ఉన్న హరితరేణువులే పత్రహరితాన్ని వదిలి ఎర్రరంగు నింపుకుని క్రోమోప్లాస్టులయ్యాయి. బంగాళాదుంపలో రంగులేనివి పిండి నింపుకుని కూర్చుంటాయి. దుంప ముక్క మీద నీళ్లు కలిపిన బెటడిన్ చుక్క వేస్తే నీలినలుపు తిరుగుతుంది, అది పిండి. అదే దుంపను కిటికీ దగ్గర వెలుతురులో వదిలేస్తే తొక్క పచ్చబడుతుంది, పిండి ప్లాస్టిడ్లు హరితరేణువులుగా మారుతున్నాయి. ఆ పచ్చ దానంతట అది హాని చేయదు, కానీ దాంతోపాటే సోలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది. పచ్చబడిన దుంప కూరకు వాడకండి.

మన గోంగూరను మరిచిపోతే ఎలా? తోటకూర ఉడికినా చాలావరకు పచ్చగానే ఉంటుంది, గోంగూర మూకుట్లో పడీ పడగానే పాచిరంగుకు తిరుగుతుంది. గోంగూర పులుపంతా రిక్తికలో ఆమ్లంగా దాచి ఉంది. సెగకు పొరలు పోగానే ఆ ఆమ్లం పక్కనే ఉన్న హరితరేణువుల మీద పడుతుంది, పత్రహరితం నడుమ ఉన్న మెగ్నీషియంను ఊడగొడుతుంది. పచ్చ పోయి ఆ రంగు వస్తుంది. అంత పులుపు పక్కగదిలో పెట్టుకుని ఆకు బతికున్నన్నాళ్లూ పచ్చగా ఎలా ఉందో ఒక్కసారి ఆలోచించమనండి మీవాణ్ణి. మధ్యనున్న పొర ఏం పని చేస్తోందో అప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు వాడి ప్రశ్న. హరితరేణువులుండగా మైటోకాండ్రియా ఎందుకు?

నా దృష్టిలో "కిచెన్ ఆఫ్ ది సెల్" అన్న ముద్దుపేరే పిల్లల్ని దారి తప్పిస్తోంది. హరితరేణువు వంటిల్లు కాదు, పొలం. ఎండ, నీళ్లు, బొగ్గుపులుసు వాయువు పెట్టి చక్కెర పండిస్తుంది. పిండి రూపంలో దాచుకుంటే అది గాదె. వడ్లు పండినంత మాత్రాన కడుపు నిండదు కదా, దంచి, వండి, తినాలి. చక్కెరను ఆక్సిజన్‌తో మెల్లమెల్లగా విడగొట్టి, కణం చేతిలో పెట్టుకుని ఖర్చు చేసుకోగల ఏటీపీగా మార్చే పొయ్యి మైటోకాండ్రియా. హరితరేణువులో కూడా ఏటీపీ పుడుతుంది, అయితే దాన్ని అక్కడికక్కడే చక్కెర తయారీకి ఖర్చుపెట్టేస్తుంది. పంట కోసం పొలంలో ఖర్చయిన కూలి లాగా. (పరీక్షలో మాత్రం కిచెన్ అనే రాయమనండి. మార్కు దిద్దేవాళ్ల చేతిలో ఉంది, మన చేతిలో లేదు.)

అంతేకాదు, పొలం అన్నిచోట్లా లేదు, అన్నివేళలా పండదు. వేరు చీకట్లో ఉంది, దానికి హరితరేణువులే లేవు. పైనుంచి వచ్చిన చక్కెరను మైటోకాండ్రియాతో కాల్చుకునే బతుకుతుంది. రాత్రిపూట ఆకుకూ అదే గతి. నేలలో మొలకెత్తే గింజకు ఇంకా ఆకే లేదు. రెండు కిలోల పెసలు నానబెట్టి గుడ్డలో మూటకట్టి మర్నాడు మూట మధ్యలో చెయ్యి పెట్టి చూడమనండి. వెచ్చగా తగులుతుంది. గింజల్లో మైటోకాండ్రియా పనిచేస్తున్న వేడి అది. మీ ఊళ్లో వాన పడి మిరపచేలో నీళ్లు నిలిస్తే రెండుమూడు రోజులకే, చుట్టూ నీళ్లున్నా, చెట్లు తలలు వాల్చేయడం వాడు చూసే ఉంటాడు. మట్టిలో గాలి పోయింది, వేర్లలో మైటోకాండ్రియాకు ఆక్సిజన్ అందలేదు, వేరు నీళ్లు పీల్చలేకపోయింది. వరి అదే నీళ్లలో నిలబడుతుంది, దాని కాండంలో వేరుదాకా గాలిగొట్టాలున్నాయి కాబట్టి. కనుక మొక్కలు పగలూ రాత్రీ ఊపిరి పీలుస్తూనే ఉంటాయి. రాత్రి గదిలో కుండీ ఉంటే ప్రమాదమని భయపడక్కర్లేదు, పక్కన పడుకున్న మనిషి వదిలేదానితో పోలిస్తే అది వదిలేది ఎంతో తక్కువ.

ఏటీపీ అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పండి. 1929లో అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి దాన్ని కండరాల్లో కనిపెట్టినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. తొమ్మిదో తరగతి పిల్లవాడికి ఏటీపీ ఇక పరాయి మాటలా వినిపించదు.

హరితరేణువు, మైటోకాండ్రియా రెండింటికీ సొంత డీఎన్ఏ ఉంది. ఒకప్పుడు విడిగా బతికిన బాక్టీరియాలు ఇంకో కణంలో కాపురం పెట్టి ఇలా అయ్యాయని 1967లో అమెరికా శాస్త్రవేత్త లిన్ మార్గులిస్ వాదించింది, ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు. మీ పెరట్లో చంద్రకాంత మొక్క ఉందా? వాటిలో కొన్నింటికి ఒక కొమ్మ పచ్చగా, ఒక కొమ్మ తెల్లగా ఉంటుంది. తెల్లకొమ్మ పువ్వుకు ఏ పచ్చమొక్క పుప్పొడి తెచ్చి పూసినా పుట్టే మొలకలు తెల్లవేనని, పచ్చదనం తల్లినుంచే వస్తుందని 1909లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త కారెన్స్ చూపించాడు. పాపం ఆ తెల్లమొలకలు బతకవు, వాటికి పొలం లేదు.

మిగతావి వంటింట్లో కనిపించవు, అందుకని త్వరగా ముగిస్తాను. కేంద్రకంలో ఉన్న రాతప్రతి (డీఎన్ఏ) నుంచి నకలు బయటికి వస్తుంది, రైబోజోములు దాన్ని చూసి ప్రొటీన్లు అల్లుతాయి, అంతర్జీవద్రవ్యజాలం వాటిని మడిచి పంపుతుంది, గాల్జీ మూటలు కట్టి చేరాల్సిన చోటికి చేరుస్తుంది. మొక్కలో గాల్జీకి అదనపు పని ఒకటుంది, ఇందాక చెప్పిన పెక్టిన్ అక్కడే తయారవుతుంది. కణం రెండుగా చీలేటప్పుడు జంతుకణంలా నడుము నొక్కుకోదు. గాల్జీ మూటలు మధ్యలో వరసకట్టి కొత్త గోడ లేపుతాయి. ఆ గోడలో కూడా సన్నటి రంధ్రాలు మిగులుతాయి, ప్లాస్మోడెస్మేటా అంటారు. వాటిగుండా పక్కింటివాళ్లతో ఇచ్చిపుచ్చుకోవడాలు నడుస్తుంటాయి.

ఇక మోడల్. ఎనిమిది వందలు పెట్టకండి. షాపులో దొరికే థర్మోకోల్ బొమ్మల్లో నేను చూసినవి చాలావరకు గుండ్రంగా ఉన్నాయి, కేంద్రకం మధ్యలో ఉంది, రిక్తిక ఒక మూల గోళీకాయంత ఉంది. అంటే జంతుకణానికి పచ్చరంగు వేశారన్నమాట. లోపలిది కనిపించే పలకల డబ్బా ఒకటి తీసుకోండి, అది గోడ. అందులో పల్చటి పాలిథిన్ సంచి పరవండి, అది పొర. దాని లోపల జిప్ ఉన్న కవర్లో బీట్‌రూట్ నీళ్లు నింపి పెట్టండి, డబ్బాలో ముప్పాతికకు పైగా నిండాలి, అది రిక్తిక. మిగిలిన ఇరుకు చోట్లో గోడ పక్కకి ఒక నిమ్మకాయ, అది కేంద్రకం. నానిన పచ్చిబఠానీలు డజను హరితరేణువులు, రాజ్మా గింజలు నాలుగైదు మైటోకాండ్రియా. మడతపెట్టిన రిబ్బన్ ముక్క గాల్జీ. డబ్బా పక్కలకు కాలిన సూదితో నాలుగు బెజ్జాలు, అవి ప్లాస్మోడెస్మేటా. బెజ్జాలు పొర కన్నా పైన ఉండాలి, లేకపోతే కారిపోతుంది. ఎవరైనా "కేంద్రకం పక్కన ఉందేంటి?" అని అడిగితే వాడు ఉల్లిపొర కథ చెప్పాలి, అది మీరు ఆదివారం వాడి చేత ఒకసారి చెప్పించుకోండి.

బీట్‌రూట్ నీళ్లు మాత్రం ఆదివారం రాత్రే పోయండి. శనివారమే పోస్తే సోమవారానికి పులిసి, కవర్ ఉబ్బి, స్కూల్ బ్యాగు నిండా వాసన.